పొదుగులో మందు, క్యానులో పాలు
(ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన పేరు వినగానే చాలామందికి ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు హెట్రజాన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ గుర్తుకొస్తాయి. పశువైద్యులకు వాటికన్నా ముందు గుర్తుకు రావలసింది ఒకటుంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు ఆయన అధిపతిగా ఉన్న రోజుల్లో, డెబ్బై ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఊరూరి మట్టి తెప్పించి అందులో సూక్ష్మజీవుల్ని వెతికారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి దొరికింది. దాని నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. మరుసటి నెలలోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆ తర్వాత జరిగింది ఆయన చూడలేదు. అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపితే అవి తొందరగా పెరుగుతున్నాయని కనిపెట్టి 1950లో ప్రకటించారు. రోగమున్న ప్రాణికి ఇవ్వాల్సిన మందు రోగం లేని ప్రాణికి మేత అయింది. అదే ఏడాది ఆక్సీటెట్రాసైక్లిన్ కూడా వచ్చింది. ఈనాడు కర్నూలు, కడప పల్లెల్లో ఏ పశువుల డాక్టరు సంచి తెరిచినా కనిపించే పసుపుపచ్చని మందు అదే. మన తెలుగువాడి ప్రయోగశాలలో మొదలైన ఆ వంశం ఇవాళ మన ఎనుము పొదుగు దాకా వచ్చింది. అక్కణ్ణుంచి పాలలోకి ఎంత వస్తోంది, దాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా పరీక్షించాలి అన్నదే ఈ రోజు నా విషయం. ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు ఇంతకన్నా తగిన విషయం తోచలేదు.

మన ప్రాంతం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద నంద్యాల, మైదుకూరు, ప్రొద్దుటూరు వైపు పచ్చగడ్డి ఉంటుంది, ఎనుములుంటాయి. పత్తికొండ, ఆలూరు, ఇటు పులివెందుల, రాయచోటి మెట్టల్లో శనక్కాయ కట్టె, జొన్నచొప్ప మీద సంకరజాతి ఆవులు బతుకుతాయి. వాన మొహం చాటేసి శనక్కాయ పోయిన ఏడు, ఇంట్లోకి చేతికి దుడ్లు తెచ్చేది పాల బిల్లు ఒక్కటే. పది, పదిహేను రోజులకొకసారి వచ్చే ఆ బిల్లులోనే కిరాణా అప్పు, పిల్లల ఫీజు, చెక్క బస్తా అన్నీ తీరాలి. ఒక పూట పాలు పారబోయమని ఆ ఇంటికి చెప్పేముందు, పశువైద్యుడైనా డెయిరీ అధికారైనా ఈ లెక్క తెలుసుకుని మాట్లాడాలి.

యాంటీబయాటిక్ పాలలోకి వచ్చే ప్రధాన దారి పొదుగువాపు. మెట్టల్లో దీనికో కారణం ఉంది. దాని గురించి పాఠ్యపుస్తకాల కన్నా మన బోర్లే ఎక్కువ చెబుతాయి. ఎండాకాలం బోరు ఎండిపోతే పొదుగు కడగడానికి నీళ్ళుండవు. ఒకే బకెట్ నీళ్ళు, ఒకే గుడ్డ, నాలుగు పశువులు. మొదటి ఆవు చన్ను మీది క్రిమి నాలుగో ఆవుకు చేరుతుంది. పాలు పితికాక చన్ను రంధ్రం మూసుకోవడానికి కనీసం అరగంట పడుతుంది. ఆ అరగంటలో పశువు పేడలో పడుకుంటే రోగం లోపలికి వెళ్ళినట్టే. పితికిన వెంటనే ముందు కాస్త మేత వేసి నిలబెట్టడం, పశువుకో పొడిగుడ్డ పెట్టుకోవడం, చన్నుల్ని అయోడిన్ మందులో ముంచడం: వీటికి పెద్ద ఖర్చు లేదు, వీటితో చాలా వాపులు ఆగిపోతాయి. రాని రోగానికి మందు అక్కర్లేదు, మందు లేని పాలకు భయం అక్కర్లేదు.

వాపు వచ్చాక ఏం జరుగుతుందో చూడండి. పొద్దున పాలలో గడ్డలు కనిపిస్తాయి. అందుబాటులో ఎవరుంటే వారిని పిలుస్తారు. డాక్టరు మండల కేంద్రంలో ఉంటాడు, పశువులకు ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్ర ఊళ్ళోనే ఉంటాడు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం రావచ్చు, అప్పటికి అది వేరే ఊళ్ళోనూ ఉండవచ్చు. ఊళ్ళో ఉన్నవాడు సూది వేస్తాడు. ఆక్సీటెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్, ఇప్పుడు ఎక్కువగా సెఫ్ట్రియాక్సోన్. ఈ చివరిది మనిషికి నిమోనియా ముదిరితే ఆసుపత్రిలో ఎక్కించే మందు. రెండో రోజుకు పాలు మామూలుగా కనిపించగానే సూది మానేస్తారు, సాయంత్రానికి పాలు కేంద్రానికి వెళ్ళిపోతాయి. అందులో మోసం ఉందని నేననుకోను. చాలా ఇళ్ళలో సూది వేయించిన మనిషి ఒకరు, పాలు పితికే మనిషి ఒకరు. మగాయన పొద్దున సూది వేయించి చేలోకి పోతాడు. సాయంత్రం పితికే ఆమెకు, ఎన్నాళ్ళు ఆపాలో ఎవరూ చెప్పరు. మందు సీసా మీద ఉందిలే అంటారా? అది ఇంగ్లిషులో, చీమకాళ్ళంత అక్షరాల్లో ఉంటుంది.

చట్టం మాత్రం చాలా స్పష్టంగా ఉంది. ఆహారానికి వాడే పశువుల మందుల మీద, పాలు ఎన్నాళ్ళు ఆపాలో గడువు ముద్రించాలని 2012 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఔషధ నిబంధనలను సవరించింది. ఆ మందుకు గడువు శాస్త్రీయంగా నిర్ధారించి ఉండకపోతే, పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు అని కూడా అందులోనే రాసింది. పద్నాలుగేళ్ళ కిందట వచ్చిన నిబంధన ఇది. మన పాల కేంద్రాల్లో ఏ ఒక్క గోడ మీదైనా తెలుగులో రాసి ఉండగా నేను చూడలేదు. వెన్న శాతం చార్టు ప్రతిచోటా ఉంది.

ఇప్పుడు పరీక్ష సంగతికి వద్దాం. పాలలో మందుందని మొదట కనిపెట్టింది ప్రయోగశాల కాదు, తోడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపా, అమెరికాల్లో ఆవు పొదుగుల్లోకి పెన్సిలిన్ ఎక్కించడం మొదలైంది. కొద్దికాలానికే జున్నుగడ్డ తయారుచేసేవాళ్ళు గగ్గోలు పెట్టారు. పాలు పులియడం లేదు, తోడు పనిచేయడం లేదు. పాలను పెరుగు చేసే బాక్టీరియాకు పెన్సిలిన్ అంటే గిట్టదు, అణుమాత్రం ఉన్నా పెరుగుదల ఆగిపోతుంది. మన ఇళ్ళలోనూ ఇది తెలుసు. రాత్రి తోడేసిన పాలు పొద్దునకు నీళ్ళలాగే ఉంటే ఇంటామె కల్తీ అనుకుంటుంది, లేదా తోడు పాడైందనుకుంటుంది. కొన్నిసార్లు ఆ అనుమానం నిజమే. కొన్నిసార్లు ఆ పాలు సూది పడిన ఆవువి. అయితే పెరుగు తోడుకుంది కాబట్టి పాలలో మందు లేదని ధైర్యపడకూడదు. కొన్ని మందులు పరిమితిని మించి ఉన్నా పెరుగు తోడుకోవచ్చు. మరిగిస్తే పోతుందన్నదీ ఉత్త నమ్మకమే. వేడికి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఆ తోడు సూత్రాన్నే డచ్చి దేశంలోని డెల్ఫ్ట్ నగరంలో 1970ల్లో చిన్న సీసాలో పెట్టారు. దాని పేరు డెల్వోటెస్ట్. ఊదారంగు జెల్లీలో, వేడిని తట్టుకునే ఒక బాక్టీరియా విత్తులు నిద్రలో ఉంటాయి. కొద్ది చుక్కల పాలు వేసి 64 డిగ్రీల వేడిలో మూడు గంటలదాకా ఉంచుతారు. పాలు శుభ్రంగా ఉంటే విత్తులు మేల్కొని పెరిగి ఆమ్లం తయారుచేస్తాయి, ఊదా పసుపవుతుంది. మందు ఉంటే అవి పెరగవు, ఊదా ఊదాగానే ఉండిపోతుంది. ఖరీదైన యంత్రం లేదు, పెద్ద చదువు అక్కర్లేదు. మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఈ విత్తుల పద్ధతి మీదే పరీక్షా కిట్లు తయారుచేశారు. ఇబ్బంది ఒక్కటే: మూడు గంటలు. పొద్దున ఏడింటికి పాలు పోస్తే పదింటికి ఫలితం. అప్పటికి ట్యాంకరు వెళ్ళిపోయి ఉంటుంది.

అందుకే పట్టీలు వచ్చాయి. ఆడవాళ్ళు ఇంట్లో చేసుకునే గర్భ పరీక్ష పట్టీ లాంటిదే ఇది. పాలలో ముంచితే నిమిషాల్లో గీతలు తేలతాయి. ఒకటి సరిచూసుకునే గీత, మిగిలినవి మందు జాతులవి. మందు గీత సరిచూసే గీతకన్నా వెలిసిపోయి ఉన్నా, అసలు రాకపోయినా పాలలో మందుందని అర్థం. గర్భ పరీక్షలో గీత వస్తే ఉన్నట్టు, ఇందులో గీత రాకపోతే ఉన్నట్టు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఇక్కడే పొరబడతారు, శిక్షణలో ఈ ముక్కను పదిసార్లు చెప్పాలి. పట్టీ అనుమానాన్ని మాత్రమే చెబుతుంది. ఎంత మోతాదులో ఉందో తేల్చడానికి పెద్ద ప్రయోగశాలలో మాస్ స్పెక్ట్రోమీటరు కావాలి.

ఎంత ఉంటే ఎక్కువ? పెన్సిలిన్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి లీటరుకు సుమారు 4 మైక్రోగ్రాములు, టెట్రాసైక్లిన్లకు 100. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు. అది ఎంత తక్కువో చూపడానికి ఒక లెక్క వేద్దాం. ఒక చన్నులోకి 200 మిల్లీగ్రాముల పెన్సిలిన్ ట్యూబు ఎక్కించారనుకోండి. అందులో నాలుగో వంతు, అంటే 50 మిల్లీగ్రాములు తొలి పితుకులో బయటికొచ్చిందనుకోండి. అవి 50,000 మైక్రోగ్రాములు. లీటరుకు 4 చొప్పున పంచితే 12,500 లీటర్లు. ఒక్క చన్ను, ఒక్క పూట, ఒక పెద్ద ట్యాంకరు. వాచిన చన్ను పాలు పారబోసి మిగతా మూడు చన్నుల పాలు పోయడం మన దగ్గర మామూలు. మందు రక్తంలో కలిసి ఆ మూడింటికీ వెళుతుంది కాబట్టి, నాలుగు చన్నుల పాలూ ఆపాల్సిందే.

దేశం మొత్తం మీద పరిస్థితి ఏమిటి? ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించి, మరుసటి ఏడు అక్టోబరులో నివేదిక ఇచ్చింది. యాంటీబయాటిక్ పరిమితి దాటినవి 77 నమూనాలు, అంటే 1.2 శాతం. అంతేనా అని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. పట్టణంలో తీసిన చాలా నమూనాల్లో అప్పటికే పలువురు రైతుల పాలు కలిసి ఉంటాయి. అలా పలచబడ్డాక కూడా పరిమితి దాటిందంటే మొదట ఎక్కడో ఒక కొట్టంలో ఎంత ఉండి ఉండాలి? అదే నివేదికలో బూజు విషం అఫ్లాటాక్సిన్ పరిమితి దాటినవి 368. శనక్కాయ చెక్క మేపే ప్రాంతంలో నిలబడి ఆ అంకె చదివి ఊరుకోలేను. తడిసిన చెక్క, బూజు పట్టిన కట్టె పశువుకు వేయొద్దు. ఆ విషయానికి వేరే ఉపన్యాసమే కావాలి, ఇక్కడికి ఆపుతాను.

ఈ కొద్దిపాటి మందు తాగితే మనిషికేమవుతుందని అడుగుతారు. పెన్సిలిన్ పడనివాళ్ళకు దద్దుర్లు రావచ్చు. అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు. చాలీచాలని మోతాదు మందులో నానిన బాక్టీరియా, ఆ మందుకు లొంగకుండా బతకడం నేర్చుకుంటుంది. మన ఇళ్ళలో ఇంకో అలవాటుంది, చెప్పక తప్పదు. కేంద్రానికి పోయకూడదన్న పాలు దూడకు తాగిస్తాం, మిగిలితే ఇంట్లో వాడుకుంటాం. పాలు పారబోయడానికి చేతులు రాని పేదరికం ఇందులో ఉంది. కానీ ఆ దూడ కడుపులో, ఆ పిల్లవాడి కడుపులో జరిగేది అదే శిక్షణ. రేపు ఆ పిల్లవాడికి నిమోనియా వస్తే కర్నూలు పెద్దాసుపత్రిలో ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ పనిచేయకపోవచ్చు. ఇలాంటి భయంతోనే, మనుషులకు చివరి ఆసరాగా మిగిలిన కొలిస్టిన్‌ను పశువుల్లో వాడకూడదని 2019లో మన ప్రభుత్వం నిషేధించింది.

పరీక్ష ఎక్కడ జరగాలన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో 1990ల మొదటి నుంచి ప్రతి పాల ట్యాంకరునూ దించకముందే పెన్సిలిన్ జాతి మందులకు పరీక్షిస్తున్నారు. ట్యాంకరు పట్టుబడితే పాలన్నీ పారబోస్తారు. ప్రతి ఫారం నుంచి తీసి ఉంచిన నమూనాలు వెదికి, ఎవరి పాలో తేలాక ఆ రైతు ట్యాంకరు మొత్తానికీ పరిహారం కడతాడు. ఆ భయంతోనే అక్కడ ఇప్పుడు పదివేల ట్యాంకర్లలో ఒకటి దొరకడమే గగనం. వందల ఆవులుండి, బీమా ఉన్న రైతుకు ఆ పద్ధతి సరిపోతుంది. రెండు ఆవులున్న ఆలూరు రైతు మీద దాన్నే రుద్దితే ఆ కుటుంబం వలస పోతుంది. మన డెయిరీల్లో జరుగుతున్నది మరోరకం అన్యాయం. ఫ్యాక్టరీ గేటు దగ్గర పట్టీలో తేడా వస్తే, ఆ దారిలోని కేంద్రాల పాలన్నీ తిప్పి పంపుతారు, లేదా ధర కోస్తారు. సూది వేయించినవాడికీ, వేయించనివాడికీ ఒకటే శిక్ష. తప్పు ఎవరిదో తేలని శిక్ష వల్ల ఎవరూ మారరు.

పరీక్ష ఊరి కేంద్రానికి, పాలు చల్లబరిచి ఉంచే బల్క్ కూలరు దగ్గరికి రావాలి. రోజూ ప్రతి రైతు పాలకూ పట్టీ వాడటం మోయలేని ఖర్చు, అక్కర్లేదు కూడా. ఇందాకటి లెక్క మనల్ని భయపెట్టింది కదా, అదే ఇక్కడ సాయపడుతుంది. ఒక చన్ను పాలు 12,500 లీటర్లను చెరచగలిగితే, 1,000 లీటర్ల కూలరులో అవి ఉన్న సంగతి ఒక్క పట్టీ ఇట్టే పట్టేస్తుంది. ట్యాంకరు నింపకముందు ఒక పట్టీ. తేడా ఉంటే, వెన్న శాతం కోసం ప్రతి రైతు దగ్గరా ఎలాగూ తీసే చిన్న నమూనాలను పారబోయకుండా ఉంచుకుని, పదేసి కలిపి పరీక్షించాలి. తేడా ఉన్న పదిలో ఒక్కొక్కటీ చూడాలి. అరవైమంది రైతుల్లో ఒక్కర్ని పట్టడానికి పదిహేడు పట్టీలు మించవు. ఈ పద్ధతిలో ఒక లొసుగుంది. మూడో రోజు, నాలుగో రోజు పొదుగులో పలచగా మిగిలే మందు కలిసిన పాలలో దొరకదు. ఆ రోజుల్ని కాపాడేది పట్టీ కాదు, రైతు తనంతట తాను పాటించే గడువే.

రైతు గడువు ఎప్పుడు పాటిస్తాడు? పాటిస్తే బతకగలిగినప్పుడు. పూటకు అయిదు లీటర్లిచ్చే ఆవు, లీటరు 35 రూపాయలు అనుకుంటే, ఏడు రోజులకు పోయేది 2,450 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం. సమాజం ఆరోగ్యం కోసం పారబోసిన పాలకు ఆ సమాజంలో అందరికన్నా పేదవాడొక్కడే మూల్యం కడుతున్నాడు. ఇది మారకుండా ఎన్ని పట్టీలు కొన్నా దండగే. నేను చెప్పేదల్లా, ఆ భారం పంచుకోవాలని. రోజుకు 1,000 లీటర్లు చేరే కేంద్రంలో లీటరుకు పావలా పక్కన పెడితే నెలకు 7,500 రూపాయలు. దాదాపు వంద ఆవుల మధ్య నెలకు మూడు పొదుగువాపులకు పూర్తి పాల ధర ఇవ్వడానికి అది సరిపోతుంది. ఆ పావలా డెయిరీ భరించాలి, వినియోగదారుడు భరించాలి, రైతు ధరలో కోయకూడదు. అర లీటరు ప్యాకెట్టు కొనే ఇంటికి అది పన్నెండున్నర పైసలు.

డబ్బు దుర్వినియోగం కాకుండా వైద్యం చీటీ ఉండాలి. సూది వేసినవాళ్ళెవరైనా మందు పేరు, మోతాదు, పాలు మళ్ళీ పోయదగ్గ తేదీ తెలుగులో రాసివ్వాలి. చీటీ చూపి కేంద్రం రిజిస్టరులో రాయిస్తేనే పరిహారం. ఇందువల్ల ఇంకో మేలుంది. గోపాలమిత్ర ఏ మందు ఎన్నాళ్ళు వేస్తున్నాడో ఇవాళ ఎవరికీ తెలియదు, ఆ చీటీలతో తెలుస్తుంది. హాలెండులో ప్రతి పాడిరైతూ ఒక పశువైద్యుడితో ఒప్పందం చేసుకుని, ప్రతి మందునూ నమోదు చేయించిన తర్వాత, 2009తో పోలిస్తే పశువుల యాంటీబయాటిక్ వాడకం మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. లెక్క రాయడం మొదలైనప్పుడే వాడకం తగ్గడమూ మొదలైంది.

విద్యార్థులకు రెండు మాటలు. పాలలో గడ్డలు పడేదాకా ఆగొద్దు. నాలుగు గుంటల పళ్ళెంలో ఒక్కో చన్ను పాలు వేసి కాలిఫోర్నియా పరీక్ష ద్రావణం కలిపితే, పైకి కనపడని వాపు జిగురై కనిపిస్తుంది. ద్రావణం లేకపోతే నూటికి మూడు పాళ్ళు బట్టలుతికే డిటర్జెంట్ పొడి కలిపిన నీళ్ళు పనికొస్తాయి. తొలిదశ వాపుకు జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న పూత ఉంది: పావుకిలో కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం నూరి, పొదుగు కడిగి రోజుకు పలుమార్లు అయిదు రోజులు పూయడం. తంజావూరు పశువైద్యుడు పుణ్యమూర్తి గారి కృషితో ఇది దేశమంతా తెలిసింది. నాటువైద్యమని దాన్ని తోసిపుచ్చొద్దు. జ్వరం వచ్చి మేత మానేసిన ఆవుకు దాన్నే నమ్ముకుని కూర్చోనూ వద్దు, అక్కడ యాంటీబయాటిక్ ప్రాణం నిలబెడుతుంది. సుబ్బారావు గారి తరం మనకిచ్చింది అందుకే. ఇచ్చినప్పుడు పూర్తి మోతాదు, పూర్తి రోజులు ఇవ్వండి.

సూది వేసి వచ్చేముందు ఆ పశువు వెనక కాలికి ఎర్రగుడ్డ కట్టి రండి. సాయంత్రం పితికే ఆమెను పిలిచి, ఈ గుడ్డ విప్పేదాకా పాలు కేంద్రానికీ వద్దు, దూడకీ వద్దు, ఇంట్లో పిల్లలకీ వద్దమ్మా అని చెప్పండి. విప్పాల్సిన తేదీ ఆమె చేతనే క్యాలెండరులో గుర్తు పెట్టించండి. ఇక ఈ సభకు వచ్చిన డెయిరీల పెద్దలను అడుగుతున్నాను. కాలువ కింద ఒకటి, మెట్టలో ఒకటి, మీకు నచ్చిన రెండు కూలరు కేంద్రాలు ఎంచుకోండి. ఏడాదిపాటు పావలా నిధి, పట్టీలు, చీటీలు అమలు చేయండి. ఎన్ని కూలర్లు పట్టుబడ్డాయో, ఎంతమందికి ఎంత పరిహారం ఇచ్చారో నెలనెలా కేంద్రం గోడ మీద, వెన్న శాతం చార్టు పక్కనే, తెలుగులో రాయించండి.